పార్టీ గేమ్ పెట్టె చెన్నై పోర్టుకు వస్తోంది: కస్టమ్స్ టారిఫ్ కోడ్ 9503లో వేయాలా, 9504లోనా?

అన్నానగర్ గిఫ్ట్‌షాప్

నమస్కారం అండీ. అన్నానగర్‌లో చిన్న గిఫ్ట్ షాపు నాది. ఇన్నాళ్ళూ ప్యారీస్‌లో హోల్‌సేల్‌గా కొని అమ్మేదాన్ని. ఈసారి చైనాలోని నింగ్‌బో నుంచి ఎల్‌సీఎల్‌లో (వేరేవాళ్ళ సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో) ఒక పార్టీ గేమ్ నేరుగా తెప్పిస్తున్నాను. పెట్టెలో మాటల కార్డులు, మడత బోర్డు, పావులు, ఇసుక టైమర్, బ్యాటరీ బజర్ ఉంటాయి. ఒకరు కార్డు తీసి నోరు విప్పకుండా సైగలు చేయాలి, జట్టువాళ్ళు కనిపెట్టాలి. చెప్పగలిగితే పావు ముందుకు జరుగుతుంది. పెట్టె మీద 8+ అని అచ్చు వేశారు.

సప్లయర్ ఇన్‌వాయిస్‌లో "పార్టీ టాయ్" అని రాసి 9503 పెట్టాడు. కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో కుర్రాడేమో "పార్టీ సామాను కదక్కా, 9505" అంటున్నాడు. కార్డులున్నాయి కాబట్టి పేకముక్కల కోడ్ 9504 40 అని మా తమ్ముడి వాదన. సరుకు ఇంకా ఓడ ఎక్కలేదు. దేన్లో వేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి, డ్యూటీ తేడా చూస్తే భయంగా ఉంది.

రాజాజీసాలై పాతకాపు

అమ్మా, ఓడ ఎక్కకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. కస్టమ్ హౌస్ చుట్టూ తిరిగే పనిలోనే నా జుట్టు నెరిసింది. ఈ తగాదా నాకు బాగా తెలుసు.

9505ను పక్కన పెట్టేయండి. పండగలకు, ఉత్సవాలకు కట్టే అలంకరణలు, మాస్కులు, ఇంద్రజాలం సామాను, ఆటపట్టించే వస్తువులు, వీటికోసం ఉన్న హెడ్డింగ్ అది. పార్టీలో ఆడతారన్నంత మాత్రాన మీ పెట్టె అందులోకి వెళ్ళదు.

అసలు పోటీ 9503కీ 9504కీ మధ్యే. 9503లో మూడు చక్రాల బండ్లు, బొమ్మలు, పజిల్స్, ఇతర ఆటవస్తువులు. 9504లో బల్ల చుట్టూనో, ఇంట్లో నలుగురూ కూర్చునో ఆడే ఆటలు. మన టారిఫ్‌లో చదరంగానికి 9504 90 10, క్యారమ్ బోర్డుకు 9504 90 20 అని విడి లైన్లు కూడా ఉన్నాయి. మీ పెట్టెలో నియమాలున్నాయి, జట్లున్నాయి, గడువుంది, గెలుపోటములున్నాయి. పిల్లవాడు ఒక్కడే కూర్చుని ఈ బజర్‌తో కాసేపు ఆడుకోవచ్చేమో గానీ, ఆ పెట్టె కొనేది అందుకు కాదు. నా లెక్కన 9504 90 90, అంటే అందులోనే "ఇతరాలు" అనే లైను.

మీ తమ్ముడి మాట కొట్టిపారేయదగింది కాదు. ఉత్త కార్డులే అయితే 9504 40 గురించి గట్టిగా ఆలోచించాల్సిందే. ఇక్కడ బోర్డు, పావులు, టైమర్, బజర్ కలిసి ఒకే ఆటగా రిటైల్ పెట్టెలో వస్తున్నాయి కాబట్టి వాటిని విడదీసి చూడరు. పైగా రెండింటికీ బేసిక్ డ్యూటీ ఒకటే, అక్కడ ఎవరూ మీతో పేచీ పెట్టుకోరు.

డబ్బు తేడా ఎక్కడంటే, 2018 బడ్జెట్‌లో వీటన్నిటి డ్యూటీ 10 నుంచి 20 శాతానికి పెరిగింది. 9504 అక్కడే ఆగింది. బొమ్మల మీద మాత్రం 2020లో 60, 2023లో 70 శాతం చేశారు. అందుకే 9504 అని రాసిన ప్రతి పెట్టెనూ అనుమానంగా చూస్తారు. ఫైల్ చేసే రోజు రేటు మరొక్కసారి సరిచూసుకోండి.

ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. ఆఫీసర్ ఎదుటపడకుండా ఆన్‌లైన్‌లోనే డ్యూటీ తేల్చే ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ 2020 జూన్‌లో మొదలైంది బెంగళూరు, చెన్నైల్లోనే. ఇప్పుడు మీ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో వేసే పత్రం) చూసే ఆఫీసర్ వేరే ఊళ్ళో ఉండొచ్చు. పెట్టె తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి ఆడి చూపించే వీలు లేదు. ఆయన కళ్ళకు కనిపించేది కాగితమే. ఆ కాగితంలో "పార్టీ టాయ్" అని ఉంటే 9503 వేయమని మనమే చెప్పినట్టు. సప్లయర్‌తో ఇన్‌వాయిస్ మార్పించండి. "సైగలతో మాట కనిపెట్టే బోర్డు గేమ్, కార్డులు, పావులు, టైమర్, బజర్‌తో" అని ఉన్నదున్నట్టు రాయించండి. నియమాల పుస్తకం, పెట్టె ఫొటోలు నాలుగు వైపులా తీసినవి కస్టమ్స్‌కు ఆన్‌లైన్‌లో కాగితాలిచ్చే ఈ-సంచిత్‌లో ఎక్కించండి. ఆఫీసర్ నుంచి క్వెరీ వచ్చేదాకా ఆగొద్దు.

మాధవరం లాజిస్టిక్స్

పెద్దాయన చెప్పింది నిజం. ఒక్కటి కలుపుతాను: కోడ్ 9504 అయినంత మాత్రాన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) లైసెన్సు తప్పిపోదు. టాయ్స్ క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడటానికి ఉద్దేశించిందైతే చాలు, పెద్దలు కూడా ఆడతారన్నా వదలదు. మీ పెట్టె మీదే 8+ అని ఉంది. బజర్‌కు బ్యాటరీ ఉంది గనక బొమ్మల భద్రతా ప్రమాణం ఐఎస్ 9873తోనే సరిపోదు, విద్యుత్తుతో నడిచే బొమ్మల ప్రమాణం ఐఎస్ 15644 సంగతి కూడా తేల్చుకోవాలి. లైసెన్సు ఫ్యాక్టరీ పేరు మీద ఉండాలి, మీ పేరు మీద కాదు. ముందు సప్లయర్‌ను ఆ నంబర్ అడగండి.

అన్నానగర్ గిఫ్ట్‌షాప్

చాలా థాంక్స్ అండీ. లైసెన్సు గురించి అడిగితే సప్లయర్ "14+ అని స్టిక్కర్ వేసి పంపుతా, సమస్య ఉండదు" అంటున్నాడు. అలా చేయొచ్చా? ఈలోపు కోడ్ సంగతి ఖాయం చేసుకునే దారి ఏదైనా ఉందా?

రాజాజీసాలై పాతకాపు

వద్దమ్మా. లోపల కార్డుల మీద ఏనుగు, ఐస్‌క్రీమ్ లాంటి మాటలుండి పైన 14+ స్టిక్కర్ ఉంటే చూసేవాళ్ళకు తెలియదా? అబద్ధపు వివరణ అని తేలితే కస్టమ్స్ చట్టం సెక్షన్ 28(4) కింద ఐదేళ్ళ వెనక్కి వెళ్ళి డ్యూటీ అడగొచ్చు, పెనాల్టీ వేరే. ఒక్క సరుకు కోసం షాపు పేరు పాడుచేసుకోకండి. లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీ దొరికేదాకా ఆర్డర్ ఆపండి. లేదా నిజంగానే పెద్దల కోసం తయారైన ఆట ఎంచుకోండి.

కోడ్ ఖాయం చేసుకోవాలంటే అడ్వాన్స్ రూలింగ్ ఉంది, అంటే సరుకు రాకముందే కోడ్ మీద తీసుకునే నిర్ణయం. అథారిటీలు ముంబై, ఢిల్లీలో ఉన్నాయి, ఫీజు పదివేలు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది, వచ్చిన రూలింగ్ కొన్నేళ్ళు చెల్లుతుంది. అదే ప్రశ్న మీ విషయంలో అప్పటికే ఆఫీసర్ దగ్గర నడుస్తుంటే తీసుకోరు, అందుకే బిల్ ఆఫ్ ఎంట్రీ వేయకముందే అడగాలి. ఇంకొకరి రూలింగ్ మీ వాదనకు పనికొస్తుందేగానీ మీ ఆఫీసర్‌ను కట్టిపడేయదు. ఈ ఆటను ఏటా తెప్పించే ఉద్దేశం ఉంటే ఆ పదివేలు పెట్టండి. ఈ ఒక్కసారికే అయితే, కోడ్ మీద సందేహం తెగనప్పుడు సెక్షన్ 18 కింద ప్రొవిజనల్ అసెస్‌మెంట్ (డ్యూటీని తాత్కాలికంగా లెక్కకట్టడం) అడిగి, బాండ్, సెక్యూరిటీ కట్టి సరుకు విడిపించుకోవచ్చు. సరుకు దించి ఉంచే సీఎఫ్ఎస్ గోదాములో డిమరేజ్ (నిల్వ అద్దె) పెరగదు.

ఇన్‌వాయిస్ డ్రాఫ్టు వచ్చాక అందులోని వివరణ వాక్యం ఇక్కడ పెట్టండి, చూస్తాను.