"స్వలింగ సంపర్కులు" అనే మాట మానేద్దామా?

గే, లెస్బియన్ అనేవాళ్లను తెలుగులో స్వలింగ సంపర్కులు అంటే తప్పేముంది, రోజూ పేపర్లలో వచ్చేదే కదా అని నిన్న ఒకరు అడిగారు. నాకు ఆ మాట మీద చాలా ఏళ్లుగా బాధ ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

సంపర్కం అంటే సంస్కృతంలో కలయిక, సంబంధం. హిందీలో ఆ అర్థం ఇప్పటికీ అలాగే ఉంది, మన కాచిగూడ మీదుగా ఢిల్లీ వెళ్లే రైలు పేరు సంపర్క్ క్రాంతి. తెలుగులో మాత్రం ఒట్టి సంపర్కం అన్నా మనకు తోచేది పడక సంబంధమే. ఇక ఒక మనిషినే సంపర్కుడు అనేశాక అతను ఎవరిని ప్రేమించాడు, ఎవరితో బతకాలనుకుంటున్నాడు అన్నదంతా పోయి పడక ఒక్కటే మిగులుతుంది. ఆడా మగా పెళ్లి చేసుకుంటే భిన్నలింగ సంపర్కులు అంటామా? ఆలుమగలు అంటాం, దంపతులు అంటాం.

మలక్‌పేటలో నా స్నేహితుడొకడు ఉన్నాడు. తనకు అబ్బాయిలంటే ఇష్టమని, ఒకతనితో కలిసి బతకాలనుందని ఎన్నాళ్లో కూడగట్టుకున్న ధైర్యంతో వాళ్లమ్మకు చెప్పాడు. ఆవిడ కొన్నాళ్లు ఏడ్చింది, తర్వాత మెల్లగా "అతను తిన్నాడా" అని అడిగేదాకా వచ్చింది. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఇలాంటి జంటల పెళ్లికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వలేమని, అది పార్లమెంటు చూసుకోవాల్సిన సంగతని తీర్పు ఇచ్చింది కదా (ఆ కేసులో మొదటి పిటిషన్‌దారులు మన హైదరాబాద్ జంటే). మర్నాడు పొద్దున ఆవిడ టీ తాగుతూ, అక్షరాల కింద వేలు పెట్టుకుని పేపర్ చదువుతూ హెడ్డింగ్‌లో ఈ మాట దగ్గర ఆగిపోయింది. పేపర్ మడిచి, "నువ్వు చెప్పింది ఇదేనా నాన్నా?" అంది. కోర్టు తీర్పు కన్నా ఆ ప్రశ్నే వాడిని ఎక్కువ కుంగదీసింది.

1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ కూడా మనుషులను చూడలేదు, "ప్రకృతి విరుద్ధమైన" పని ఒక్కటే చూసింది. ఇష్టపడి కలిసిన ఇద్దరు పెద్దవాళ్లకు అది వర్తించదని 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు జడ్జీలు ఒక్క మాటగా చెప్పారు. నేరం పోయింది కానీ ఆ చూపు మన మాటలో ఇంకా ఉంది. స్వలింగ ప్రేమికులు అనొచ్చు, స్వలింగ జంట అనొచ్చు, గే అని వాళ్లే చెప్పుకుంటే గే అనే రాయొచ్చు. తెలుగు మాటే కావాలన్న పట్టుదల నాకూ ఉంది, కానీ మనిషిని నొప్పించే తెలుగు నాకొద్దు. అన్నట్టు, ఆ అమ్మ ఇప్పుడు "మావాడి జోడీ" అంటోంది.

హిజ్రాలను, ట్రాన్స్ వ్యక్తులను నపుంసకులు అనడం గురించి ఇంకొకరు అడిగారు కాబట్టి అదీ చెప్తా. ఆడ కాదు, మగ కాదు అని, కానిదాన్ని మాత్రమే చెప్పే మాట అది. బడిలో బల్ల, రాయి నపుంసక లింగం అని చదువుకుని అదే మాట మనుషులకు ఎలా వాడతాం? మన హైదరాబాద్‌లో నిజాం కాలం నాటి 1329 ఫసలీ (అప్పటి సర్కారు లెక్క) చట్టం, అంటే 1919 నాటిది, హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించమంది, ఆడవాళ్ల బట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండా పట్టుకోవచ్చంది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో గానీ కొట్టేయలేదు. తాము ఎవరో తామే చెప్పుకునే హక్కు వాళ్లకుందని సుప్రీంకోర్టు 2014లోనే అంది. కాబట్టి ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగ అని రాసినా తాను ఆడ అని చెప్పుకునే మనిషి) అయితే "ఆమె వచ్చింది", ట్రాన్స్ పురుషుడైతే (పుట్టినప్పుడు ఆడ అని రాసినా తాను మగ అని చెప్పుకుంటే) "అతను వచ్చాడు", తెలియకపోతే "వారు వచ్చారు" అని రాయండి. "అది వచ్చింది" అని మాత్రం దయచేసి రాయకండి.