క్యాడెట్ పైలట్ ప్రోగ్రాం: డబ్బు నిజంగా ఎయిర్‌లైనే పెడుతుందా?

గుడివాడ నాన్న
మా వాడికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఇంజనీరింగ్ చదవను, పైలట్ అవుతానని భీష్మించుకుని కూర్చున్నాడు. క్యాడెట్ ప్రోగ్రాంలో సెలక్ట్ అయితే ఎయిర్‌లైనే చదివించి ఉద్యోగం ఇస్తుందట, వాడు చెప్పేది అదీ. సెలక్షన్ ఎలా ఉంటుంది, బాండ్ ఎన్నేళ్లు, కళ్లజోడు ఉంటే పర్వాలేదా? మా అన్నయ్య కూతురు బైపీసీ, తనకూ ఇదే ఆశ. తనకు కుదురుతుందా? డబ్బు కట్టాల్సి వస్తే ఊళ్లో రెండెకరాల మాగాణి ఉంది, బ్యాంకులో పెడదామనుకుంటున్నా. తెలిసినవాళ్లు చెప్పగలరు.

క్రాస్‌విండ్
అంకుల్, మన దేశంలో క్యాడెట్ ప్రోగ్రాం అంటే ఎయిర్‌లైన్ డబ్బు పెట్టడం కాదు. పరీక్ష వాళ్లు పెడతారు, ఇంటర్వ్యూ వాళ్లు చేస్తారు, స్కూలు వాళ్లే చూపిస్తారు. ఫీజు మాత్రం మనం కట్టాలి. గ్రౌండ్ క్లాసులు, ఫ్లయింగ్, ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి ఇచ్చే ప్రత్యేక శిక్షణ) అన్నీ కలిపితే కోటి దాటుతోంది. హాస్టల్, యూనిఫాం, మెడికల్ అందులో ఉన్నాయో లేవో విడిగా అడగాలి. చివర్లో ఇచ్చే ఉద్యోగం లెటర్‌లో "ఖాళీలను బట్టి" అని ఉంటుంది. ఆ ముక్క ఏమీ దాచిపెట్టరు, పేజీ మధ్యలోనే ఉంటుంది. సెలక్ట్ అయ్యామన్న సంబరంలో ఎవరూ చదవరంతే.

హౌన్స్‌లో అత్త
ఇక్కడ యూకేలో అలా కాదండి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్లు 2023లో స్పీడ్‌బర్డ్ పైలట్ అకాడమీ అని మొదలుపెట్టారు. లక్ష పౌండ్ల దాకా అయ్యే ట్రైనింగ్ ఖర్చు మొత్తం కంపెనీదే. మా ఆడపడుచు కొడుకు పోయినసారి అప్లై చేశాడు, ఆప్టిట్యూడ్ టెస్టు గట్టెక్కి గ్రూప్ రౌండ్ దాకా వెళ్లాడు. మీరూ ప్రయత్నించండి.

క్రాస్‌విండ్
అత్తగారూ, దానికి యూకేలో ఉండి పనిచేసే హక్కు ముందే ఉండాలి. గుడివాడ నుంచి ఎలా ప్రయత్నిస్తారు? సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా క్యాడెట్లకు తనే ఖర్చు పెట్టి బాండ్ రాయించుకుంటుంది. అదీ సింగపూర్ పౌరులకు, పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్లకే.

హౌన్స్‌లో అత్త
ఉన్న విషయం చెప్పాను బాబూ. ఇది చదివేవాళ్లలో ఇక్కడి తెలుగువాళ్లూ ఉంటారుగా.

పాత సీపీఎల్
ఉద్యోగం అంటుంటే నవ్వొస్తోంది. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్, 2023 మేలో గో ఫస్ట్. మూతపడిన ప్రతిసారీ అనుభవమున్న పైలట్లు రోడ్డు మీదికొచ్చారు. వాళ్లుండగా 200 గంటలే ఎగిరిన కుర్రాణ్ని ఎవడు పిలుస్తాడు? మా బ్యాచ్‌లో ఒకడు కాల్‌సెంటర్‌కి పోయాడు, ఒకడు వాళ్ల మామగారి రైస్‌మిల్లు చూసుకుంటున్నాడు. నేను గ్రౌండ్ స్టాఫ్‌గా చేరాను. లైసెన్సు జేబులో పెట్టుకుని బోర్డింగ్ పాసులు చింపేవాణ్ని. వీల్‌చైర్ తోసుకుంటూ ఏరోబ్రిడ్జి దాకా వెళితే కాక్‌పిట్ తలుపు తీసే ఉండేది, లోపల నాకంటే జూనియర్ కూర్చుని ఉండేవాడు. లెటర్ నమ్మి అప్పు చేయకండి.

లోన్ సెక్షన్
గుడివాడ నాన్నగారూ, నేను ఎడ్యుకేషన్ లోన్లు చూసి రిటైరైనవాణ్ని. మాగాణి తాకట్టు పెడితే ఈ లోన్ రాదు. సర్ఫేసీ చట్టం (బ్యాంకులు మొండి బాకీలు వసూలు చేసుకునే చట్టం) సెక్షన్ 31(ఐ) ప్రకారం వ్యవసాయ భూమిని బ్యాంకు ఆ చట్టం కింద స్వాధీనం చేసుకోలేదు. ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా తాకట్టు అడుగుతారు. ఇల్లు, ఇంటి స్థలం, ఎఫ్‌డీ, ఎల్‌ఐసీ పాలసీ లాంటివి కావాలి.

మిర్యాలగూడ రైతు
తప్పు సార్. మా బావమరిదికి పొలం మీదే ఇచ్చారు.

లోన్ సెక్షన్
అది క్రాప్ లోన్ అయ్యుంటుంది. లేకపోతే నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) చేయించిన భూమి అయ్యుంటుంది. కాగితాలు చూడకుండా మాట్లాడితే ఎలా?

మిర్యాలగూడ రైతు
మీరు చూశారా కాగితాలు? సంతకం పెట్టినప్పుడు పక్కన కూర్చున్నది నేను. మీ బ్యాంకోళ్లకు రైతంటేనే చిన్నచూపు. బంగారం తెస్తే కుర్చీ వేస్తారు, పాస్‌బుక్ తెస్తే "రేపు రా" అంటారు.

లోన్ సెక్షన్
ఏ బ్రాంచి, ఏ స్కీం, ఎంత లోను? చెప్పండి, మాట్లాడదాం. 34 ఏళ్ల సర్వీసు నాది. పంట పేరుతో తీసుకుని చదువుకు వాడినవాళ్లను చాలామందిని చూశాను. ఆడిట్‌లో దొరికితే మేనేజరు మెడకు చుట్టుకుంటుంది, మీకు కాదు.

మిర్యాలగూడ రైతు
వాడితే ఏంది? మా పొలం, మా పిల్లలు. కోట్లు ఎగ్గొట్టినోళ్లను వదిలేసి మా దగ్గర సెక్షన్లు చదువుతున్నారు.

కాకినాడ కుర్రోడు
అసలు రెండెకరాల మాగాణి పెట్టి పైలట్ చదివించడమేంటి? గుడివాడ దగ్గరంటే ఆ భూమే పదేళ్లకు పైలట్ కంటే ఎక్కువ సంపాదిస్తుంది.

ఒంగోలు పద్మ
కూతురి పెళ్లికి మూడెకరాలు రాసివ్వమంటే ఒక్కరూ లెక్కలు అడగరు. చదువు అనేసరికి అందరూ రియల్ ఎస్టేట్ బ్రోకర్లు అయిపోతారు.

కాకినాడ కుర్రోడు
కట్నం సంగతి నేను ఎత్తానా మేడం? అన్నిటికీ అదే తెస్తారు.

ఒంగోలు పద్మ
ఎత్తకపోయినా అదే లెక్క. వాళ్ల అన్నయ్య కూతురు కూడా పైలట్ కావాలంటోంది. ఆ పిల్ల గురించి ఇంతమందిలో ఒక్కరైనా జవాబు చెప్పారా?

నిర్వాహకుడు
భూమి, కట్నం చర్చలకు వేరే విభాగాలున్నాయి. విషయానికి రండి.

మిర్యాలగూడ రైతు
విషయమే మాట్లాడుతున్నం. డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నదే కదా విషయం.

ఎఫ్ఓ రైట్‌సీట్
ఇప్పటిదాకా చదివి ఊరుకున్నా. ఇక్కడ లైన్‌లో, అంటే ఎయిర్‌లైన్ కో-పైలట్‌గా, ఎగురుతున్నది బహుశా నేనొక్కణ్నే, కాస్త వినండి.

డబ్బు కట్టే ముందు చేయాల్సింది మెడికల్. ముందు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. బెంగళూరు ఐఏఎంలో (వైమానిక దళం వారి ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ) జరుగుతుంది, ఇంకొన్ని సెంటర్లూ ఉన్నాయి, అపాయింట్‌మెంట్‌కు ఓపిక పట్టాలి. అద్దాలు పెట్టుకుంటే చూపు ప్రమాణానికి వస్తే చాలు, కళ్లజోడు అడ్డు కాదు. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటేనే చిక్కు. ఫీజు మొదటి వాయిదా కట్టేశాక మెడికల్‌లో ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. ఆ వాయిదా వెనక్కి రప్పించుకోవడానికి వాళ్లు పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు.

రెండోది, సీపీఎల్‌కు (కమర్షియల్ పైలట్ లైసెన్సు) 200 గంటలు ఎగరాలి. అందులో వంద గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా, ఉండాలి. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ లాంటి పేపర్లకు పాస్ మార్కు 70 శాతం. ఇంటర్‌లో 95 తెచ్చుకున్నవాళ్లూ నావిగేషన్‌లో బోల్తా పడతారు. పేపర్లు ముందే రాసేసుకుని స్కూల్‌కి వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

కాకినాడ కుర్రోడు
అన్నా, 2025 డిసెంబరులో పైలట్లు చాలక ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయిగా. అంటే ఉద్యోగాలు ఖాయమే కదా?

ఎఫ్ఓ రైట్‌సీట్
అది వేరే కథ తమ్ముడూ. కొత్త ఎఫ్‌డీటీఎల్ (పైలట్ల డ్యూటీ గంటల పరిమితి) రూల్స్‌తో వారం విశ్రాంతి 36 గంటల నుంచి 48 అయింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు దిగాయి. ఉన్న మనుషులతో రోస్టరు నిండలేదు. రోస్టరు నిండాలంటే ముందు ఎడమ సీట్లో కమాండరు, అంటే కెప్టెన్, ఉండాలి. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్నవాణ్ని తెచ్చి అక్కడ కూర్చోబెట్టలేరు కదా. కెప్టెన్ల కొరత, సీపీఎల్ కుర్రాళ్ల నిరుద్యోగం ఒకే సమయంలో ఉంటాయి. ఆ రెండింటినీ కలిపి చూపించే కోచింగ్ ప్రకటనలు నమ్మకు.

పాత సీపీఎల్
ఈ ఒక్క విషయంలో రైట్‌సీట్‌తో ఏకీభవిస్తున్నా. "లైన్‌లో ఎగురుతున్నది నేనొక్కణ్నే" అన్న డాబు మాత్రం తగ్గించుకుంటే బాగుంటుంది.

ఎఫ్ఓ రైట్‌సీట్
డాబు కాదు సార్. పదేళ్ల కిందటి మార్కెట్ చూసి ఇప్పటి పిల్లల్ని భయపెట్టకండి. అప్పట్లో క్యాడెట్ సీట్లు ఇన్ని లేవు.

పాత సీపీఎల్
భయపెట్టడం కాదు, లెక్క చెప్పడం. మీకు లెక్క కలిసొచ్చింది, నాకు రాలేదు. కలిసొచ్చినవాళ్లే సలహాలిస్తారు.

లోన్ సెక్షన్
లెక్కంటే ఇదీ లెక్క. 80 లక్షలు, వడ్డీ 10.5 శాతం, పదేళ్లకైతే ఈఎంఐ సుమారు లక్షా 8 వేలు. 15 ఏళ్లకు పెట్టుకుంటే 88,400 చిల్లర. ట్రైనింగ్ జరిగినంత కాలం ఈఎంఐ ఉండదు, కానీ వడ్డీ పరుగెడుతూనే ఉంటుంది. డబ్బు స్కూలుకు విడతలుగా వెళ్తుంది కాబట్టి ఏ విడత ఎప్పుడో ముందే రాయించుకోండి. చదువు లోను వడ్డీకి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది.

ఎఫ్ఓ రైట్‌సీట్
ఇది కరెక్ట్. మొదట్లో నా జీతంలో పెద్ద ముక్క ఈఎంఐకే పోయేది, గురుగ్రామ్‌లో ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్లం. నా ఇంటి అద్దె మా నాన్న పెన్షన్‌లోంచి వచ్చేది.

నూజివీడు స్టూడెంట్
ఎయిర్ ఇండియా అమరావతిలో ఫ్లయింగ్ స్కూలు పెడుతోందట. ఇక మన రాజధానిలోనే నేర్చుకోవచ్చు, హాస్టల్ ఖర్చు కూడా ఉండదు!

క్రాస్‌విండ్
అది మహారాష్ట్రలోని అమరావతి తమ్ముడూ. బెలోరా ఎయిర్‌పోర్టు. 34 ట్రైనింగ్ విమానాలకు ఆర్డరు ఇచ్చారు.

నూజివీడు స్టూడెంట్
మా కాలేజీ గ్రూపులో అందరికీ ఫార్వర్డ్ చేసేశా 🤦

కాకినాడ కుర్రోడు
పేరే కాదు, ఊరు కూడా వాళ్లదే అయింది.

బైపీసీ బ్యాచ్
పద్మగారు అడిగారు కాబట్టి ఆ అమ్మాయి సంగతి నేను చెప్తా. నాదీ బైపీసీయే. ఫిజిక్స్ ఎలాగూ ఉంటుంది, లోటు మ్యాథ్స్ ఒక్కటే. ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ ఓపెన్ స్కూలు) మ్యాథ్స్ ఒక్క సబ్జెక్టు కట్టి పాసయ్యా, డీజీసీఏ ఒప్పుకుంది. కామర్స్ వాళ్లు రెండూ రాయాలి. ఈ నిబంధన తీసేసే ఆలోచన ఉందని 2025లో వార్తలొచ్చాయి. వాటిని నమ్ముకుని కూర్చోకుండా పరీక్ష ఫీజు కట్టేయమనండి. మావాళ్లు "డాక్టరైతే ఊరికి ఉపయోగం, పైలటైతే ఎవరికి" అన్నారు. ఇప్పుడు మా ఊళ్లో ఎవరు టికెట్ బుక్ చేసుకున్నా లగేజీ ఎంత అనుమతిస్తారో నన్నే అడుగుతున్నారు.

దుండిగల్ గాలి
ఇంతసేపు కోటి, కోటి అంటున్నారు. పైసా ఖర్చు లేకుండా ఎగరాలంటే మన హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది కదా. ఎన్‌డీఏ రాయండి, డిగ్రీ తర్వాతైతే ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష). ట్రైనింగ్‌లో స్టైపెండ్ కూడా ఇస్తారు. అమ్మాయిలకూ ఎన్‌డీఏ తెరిచారు.

క్రాస్‌విండ్
అన్నా, అది సైన్యం. సెలవు దొరకలేదని రాజీనామా చేసే ఉద్యోగం కాదు. బాండ్ గురించి భయపడుతున్నవాళ్లకు షార్ట్ సర్వీస్ 14 ఏళ్లు చూపిస్తావా?

దుండిగల్ గాలి
కోటి అప్పు తీరే లోపు నువ్వెలాగూ 14 ఏళ్లు కట్టుబడే ఉంటావు. యూనిఫాం రంగు తేడా, అంతే.

కరీంనగర్ కోడలు
మా తమ్ముడు చేరిన స్కూలు (పేరు చెప్పను) బ్రోషర్‌లో విమానాలు డజను. అక్కడికెళ్తే ఎగిరేవి మూడు, మిగతావి హ్యాంగర్‌లో విడిభాగాల కోసం ఎదురుచూస్తున్నాయి. వానాకాలం మేఘాలంటారు, చలికాలం పొగమంచంటారు, ఎండాకాలం ఇన్‌స్ట్రక్టర్ మానేశాడంటారు. గంటలు కదలవు, వడ్డీ మాత్రం కదులుతుంది. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది. మొదటి జాబితాలో అన్నిటికన్నా పై ర్యాంకు ఏ డబుల్ ప్లస్ ఒక్కరికీ రాలేదు. స్కూలుకు వెళ్లినప్పుడు ఆఫీసులో కూర్చోకండి. హ్యాంగర్‌లోకి వెళ్లి లెక్కపెట్టుకోండి, అక్కడి స్టూడెంట్లను టీకొట్టు దగ్గర పట్టుకుని పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరారో అడగండి.

డల్లస్ బాబాయ్
ఇంకా ఇండియాలో ఎందుకండీ? అమెరికా వచ్చి గంటలు చేసుకుని వెనక్కి వెళ్లి లైసెన్సు కన్వర్షన్ చేయించుకుంటే తొందరగా అయిపోతుంది. ఇక్కడ ఎయిర్‌లైన్‌లో కూర్చోవాలంటేనే 1500 గంటలు, ఇండియాకు ఆ గొడవ లేదు.

ఎఫ్ఓ రైట్‌సీట్
డీజీసీఏ పేపర్లు ఎలాగూ రాయాలి బాబాయ్‌గారూ. వీసా, డాలరు రేటు కూడా కలిపి చెప్పండి.

గుడివాడ నాన్న
అందరికీ ధన్యవాదాలు. వచ్చే వారం మెడికల్‌కు తీసుకెళ్తున్నా. మాగాణి జోలికి పోను, విజయవాడలో మా ఆవిడ పేరు మీద ప్లాటు ఉంది, దాని కాగితాలు తీస్తున్నా. బాండ్ ఎన్నేళ్లో మాత్రం ఎవరూ చెప్పలేదు.

క్రాస్‌విండ్
ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కోలా ఉంటుంది అంకుల్. బాండ్ తీరాక మానేద్దామన్నా డీజీసీఏ రూలు ప్రకారం కో-పైలట్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది నోటీసు. అగ్రిమెంటు చేతికొచ్చాక లాయరుకు చూపించండి, స్కూలు కౌన్సెలర్‌కి కాదు.

మిర్యాలగూడ రైతు
లోన్ సెక్షన్ సార్, బావమరిదికి ఫోన్ చేశా. కన్వర్షన్ చేయించిన భూమేనంట. అయినా "రేపు రా" అన్నమాట నిజం.

నూజివీడు స్టూడెంట్
ఆర్‌టీఆర్ (విమానం రేడియోలో మాట్లాడే లైసెన్సు) పరీక్ష ఇప్పుడు ఎవరు పెడుతున్నారు? టెలికాం వాళ్లా, డీజీసీఏనా?

బైపీసీ బ్యాచ్
కొత్త విమానయాన చట్టం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది, దాంతో డీజీసీఏ చేతికి వెళ్లింది. పాత మెటీరియల్ కొనకు, నా దగ్గర ఉంది, మెసేజ్ పెట్టు.