‘నేనే చెప్పాను’: ఇంగ్లీషులో ఆ ‘ఏ’ని ఎలా రాయాలి?

రాజాం నుంచి ప్రశ్న:
తొమ్మిది, పది తరగతుల పిల్లల ఇంగ్లీషు రాతల్లో ‘ఓన్లీ’ లేని పేజీ ఉండట్లేదు. ‘ఐ ఓన్లీ టోల్డ్ హిమ్’, ‘హి ఈజ్ దేర్ ఓన్లీ’, ‘టుమారో ఓన్లీ ఎగ్జామ్’. తప్పని కొట్టేస్తే సరిపోదు కదా. ‘నేనే’, ‘అక్కడే’, ‘రేపే’ అన్నవి మరి ఎలా రాయాలో కూడా చెప్పాలి. అలాగే ‘ఆల్దో’ పెట్టిన ప్రతి వాక్యంలోనూ ‘బట్’ వచ్చి కూర్చుంటోంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

విజయనగరం నుంచి:
మాస్టారూ, చిక్కంతా మన ‘ఏ’తోనే. తెలుగులో ఏ మాట మీద నొక్కాలో దాని చివర ‘ఏ’ తగిలిస్తాం, పనైపోతుంది. ఇంగ్లీషులో అలాంటి ప్రత్యయం లేదు. గొంతు నొక్కి పలుకుతారు, లేదంటే వాక్యం కట్టు మారుస్తారు, అదీ కాకపోతే సందర్భానికి తగ్గ మాట వేరే తెస్తారు. పిల్లలకి ఒక్క ‘ఓన్లీ’ దొరికింది, అన్నిటికీ అదే వాడేస్తున్నారు. ‘ఓన్లీ’ అంటే ‘ఇది తప్ప ఇంకేదీ కాదు’ అని. మన ‘ఏ’ చేసే పనుల్లో అది ఒకటి, అంతే.

‘నేనే చెప్పాను’ తీసుకోండి. చెప్పింది ఇంకెవరో కాదు అనాలంటే ‘ఇట్ వజ్ మీ హూ టోల్డ్ హిమ్’. మధ్యలో ఎవరూ లేకుండా స్వయంగా చెప్పానంటే ‘ఐ టోల్డ్ హిమ్ మైసెల్ఫ్’. ‘ఐ ఓన్లీ టోల్డ్ హిమ్’ అని రాస్తే మాత్రం ‘చెప్పానంతే, ఇంకేం చెయ్యలేదు’ అని అర్థమవుతుంది. తెలుగులో ‘నేనే చెప్పాను’ అన్నవాడు బాధ్యత నెత్తినేసుకుంటున్నాడు. ఆ ఇంగ్లీషు వాక్యం చదివినవాడికి బాధ్యత తప్పించుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఉత్తరంలో గానీ ఫిర్యాదులో గానీ ఇది చిన్న తప్పు కాదు.

మిగతావి ఒక్కోదానికీ ఒక్కో మాట. ‘ఇప్పుడే వచ్చాడు’ అంటే ‘హి హాజ్ జస్ట్ కమ్’, ‘ఇప్పుడే రా’ అంటే ‘కమ్ రైట్ నౌ’. రెంటిలోనూ ‘ఇప్పుడే’ ఉంది కానీ మొదటిది జరిగిపోయిన పని, రెండోది ఆజ్ఞ. ‘అక్కడే ఉంది’కి ‘రైట్ దేర్’. ‘ఆ రోజే’కి ‘దట్ వెరీ డే’. ‘అదే చీర’కి ‘ది సేమ్ శారీ’. ‘రేపే పరీక్ష’కి ఏ మాటా కలపక్కర్లేదు, ‘ది ఎగ్జామ్ ఈజ్ టుమారో’ అని చివరి మాట నొక్కి పలికితే చాలు. ‘టుమారో ఇట్సెల్ఫ్’ అన్నది మన దేశం ఇంగ్లీషులో బాగా పాతుకుపోయింది. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు నేను తప్పు పట్టను. పరీక్షలో, దరఖాస్తులో మాత్రం వద్దంటాను.

ఇక క్రియ మీద నొక్కు. ‘నీకు చెప్పానే!’, ‘వెళ్లాను కదా!’ లాంటివాటికి ‘డు, డజ్, డిడ్’ వాడాలి: ‘ఐ డిడ్ టెల్ యు’, ‘ఐ డిడ్ గో’. పిల్లలు ‘ఐ డిడ్ వెంట్’ అని రాసేస్తారు. భూతకాలాన్ని ‘డిడ్’ మోస్తోంది కాబట్టి తర్వాతి క్రియ మూలరూపంలోనే ఉండాలి. ‘ఈజ్, వజ్, కెన్, విల్’ ఉన్న వాక్యాల్లోకి ‘డు’ రాదు, ఆ మాటనే గట్టిగా పలకాలి.

ఆమదాలవలస నుంచి:
‘ఓన్లీ’ నిజంగా అవసరమైనచోట దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. మనం ‘మాత్రమే’ని మాట తర్వాత పెడతాం, ఇంగ్లీషువాళ్లు ‘ఓన్లీ’ని మాట ముందు పెడతారు. పలాస జీడిపప్పుతో చూపిస్తాను. ‘ఓన్లీ షి సెల్స్ కాష్యూస్ ఇన్ పలాస’ అంటే పలాసలో జీడిపప్పు అమ్మేది ఆవిడొక్కతే. ‘షి సెల్స్ ఓన్లీ కాష్యూస్’ అంటే జీడిపప్పు తప్ప వేరే సరుకు లేదు. ‘షి సెల్స్ కాష్యూస్ ఓన్లీ ఇన్ పలాస’ అంటే కాశీబుగ్గలో అమ్మదు. ‘షి ఓన్లీ సెల్స్ కాష్యూస్’ అన్నదానితోనే తకరారు. మాటల్లో దేన్ని నొక్కితే దానికి తగులుతుంది, కాగితం మీద ఆ నొక్కు కనపడదు. అందుకే రాసేటప్పుడు ఏ మాటకి చెందుతుందో సరిగ్గా దాని ముందే పెట్టమని చెప్పండి. చెక్కు మీద అక్షరాల్లో రాసిన మొత్తం తర్వాత వచ్చే ‘ఓన్లీ’, బోగీ మీద ‘లేడీస్ ఓన్లీ’ సరైనవే, వాటిని తీసేయమని చెప్పకండి.

బొబ్బిలి నుంచి:
‘కూడా’ని మర్చిపోకండి, అదీ ఇంతే. ‘నాకు కూడా తెలుసు’ అంటే ‘ఐ ఆల్సో నో’ లేదా ‘ఐ నో, టూ’. ‘నాకు కూడా తెలియదు’ అంటే ‘ఐ డోంట్ నో, ఈదర్’. వ్యతిరేకార్థంలో ‘ఆల్సో’, ‘టూ’ ఇమడవు. ‘మాస్టారికి కూడా తెలియదు’ అంటే తెలిసి ఉండాల్సినాయనకే తెలియదని ఆశ్చర్యం, అక్కడ ‘ఈవెన్ ది టీచర్ డజంట్ నో’. ‘కూడా’ తీసి ‘సైతం’ పెట్టి చూడండి, వాక్యం బిగువుగా నిలిస్తే ‘ఈవెన్’ వాడొచ్చు.

శ్రీకాకుళం నుంచి:
‘ఆల్దో... బట్’ సంగతి నేను చెప్తాను. ‘వాన పడినా గానీ వెళ్లాడు’ అని మనం అంటాం. ‘ఇనా’ ఒకటి, ‘గానీ’ ఒకటి, రెండూ కలిసి నడుస్తాయి. పిల్లాడు రెంటినీ ఇంగ్లీషులోకి దింపేస్తాడు. ఇంగ్లీషులో రెండు వాక్యాల్ని కలపడానికి సముచ్చయం ఒక్కటే కావాలి. ‘ఆల్దో’ ఉంటే ‘బట్’ తీసేయాలి, ‘బట్’ కావాలంటే ‘ఆల్దో’ తీసేయాలి.

అంతకన్నా లోతైన చిక్కు ఆ ‘ఇనా’లోనే ఉంది. ఇక్కడ వాన ఆగినా వంశధార తగ్గదు, ఎందుకంటే నీళ్లు పైన ఒడిశా నుంచి వస్తాయి. ఇప్పుడు రెండు వాక్యాలు చూడండి. ‘వాన ఆగినా వంశధార తగ్గలేదు.’ వాన నిజంగా ఆగింది, కాబట్టి ‘ఈవెన్ దో ది రెయిన్ స్టాప్డ్’. ‘రేపు వాన ఆగినా వంశధార తగ్గదు.’ ఆగుతుందో లేదో తెలియదు, కాబట్టి ‘ఈవెన్ ఇఫ్ ది రెయిన్ స్టాప్స్’. తెలుగులో రెంటికీ ‘ఆగినా’ అనే ఒక్క రూపమే. వాక్యం ముందు ‘ఒకవేళ’ పెట్టి చూడమనండి. అతికితే ‘ఈవెన్ ఇఫ్’. అతక్కుండా ‘ఆగినప్పటికీ’ బాగుంటే ‘ఈవెన్ దో’. ‘ఈవెన్ ఇఫ్’ తర్వాత ‘విల్’ రాదు, రేపటి సంగతైనా వర్తమానమే. ఒంటరి ‘ఈవెన్’తో ‘ఈవెన్ ఇట్ రెయిన్డ్’ అని మొదలుపెట్టడం కూడా తప్పు, ఎందుకంటే అది వాక్యాల్ని కలిపే మాట కాదు.

‘డిస్పైట్ ఆఫ్’ అని ఎక్కడ చూసినా కొట్టేయండి. ‘ఇన్ స్పైట్ ఆఫ్’కి ‘ఆఫ్’ ఉంది, ‘డిస్పైట్’కి లేదు. రెంటి తర్వాతా నామవాచకమో ‘ఇంగ్’ రూపమో రావాలి.

‘హౌవెవర్’ అర్థంలో ‘బట్’కి దగ్గరే గానీ రెండు వాక్యాల్ని అతికించలేదు. రెండు వాక్యాల మధ్య వస్తే దాని ముందు ఫుల్‌స్టాపు గానీ సెమీకోలన్ గానీ, దాని వెనక కామా ఉండాలి. ముందు కామా ఒక్కటే పెట్టి సాగదీయడం మంచి కాలేజీ వ్యాసాల్లో కూడా కనిపిస్తుంది. ‘ఆన్ ది కాంట్రరీ’ని పోల్చడానికి వాడకండి, అది అన్నమాటని ఖండించడానికే. ‘అరసవల్లిలో సూర్యుడు, శ్రీకూర్మంలో కూర్మావతారం’ లాంటి పక్కపక్క పోలికకి ‘వేరాజ్’ సరిగ్గా సరిపోతుంది.

‘మాత్రం’తో జాగ్రత్త. ‘నేను మాత్రం రాను’ని ‘ఓన్లీ ఐ వోంట్ కమ్’ అంటే మిగతా అందరూ వస్తారని మీరే హామీ ఇచ్చినట్టు. మన వాక్యంలో ఆ హామీ లేదు. ‘ఐ యామ్ నాట్ కమింగ్, దో’ అనండి, చివరి ‘దో’ మన ‘మాత్రం’ పని చేస్తుంది. కానీ అది మాటల్లో వాడే తీరు. వ్యాసంలో ‘ఐ, హౌవెవర్’ అని రాయాలి.

రాజాం నుంచి:
చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. ‘ఆల్దో’తో ‘బట్’ వద్దన్నారు, మరి ‘స్టిల్’, ‘యెట్’ రావచ్చా?

శ్రీకాకుళం నుంచి:
రావచ్చు. ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, హి స్టిల్ వెంట్’ మంచి వాక్యం. ‘స్టిల్’ క్రియావిశేషణం, వాక్యాల్ని కలపట్లేదు, మన ‘అయినా సరే’లా బిగువు ఇస్తుందంతే. దాన్ని కర్తకీ క్రియకీ మధ్య పెట్టించండి. ‘ఆల్దో... యెట్’ పాత పుస్తకాల్లో దొరుకుతుంది, తప్పు కాదు గానీ ఇప్పటి రాతలో బరువుగా ఉంటుంది. పదో తరగతికి ‘స్టిల్’ చాలు.