పెట్రోలు దాదాపు పది రూపాయలు తగ్గినా ఇంటి ఖర్చు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న
కూకట్‌పల్లి గృహిణి, జూన్ 18, 2022

కేంద్ర ప్రభుత్వం మే 22 నుంచి ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోలు మీద ఎనిమిది రూపాయలు, డీజిలు మీద ఆరు రూపాయలు తగ్గించింది. హైదరాబాదులో 119.49 ఉన్న లీటరు పెట్రోలు 109.66కు, 105.49 ఉన్న డీజిలు 97.82కు దిగాయి. మార్చి నెలాఖరులో రోజుకు ఎనభై పైసల చొప్పున ధర ఎక్కుతున్నప్పుడు కూరగాయల బండి మొదలుకొని పిల్లల స్కూలు ఆటో వరకు అందరూ డీజిలు పేరు చెప్పి రేట్లు పెంచారు. సుంకం తగ్గి నెల కావస్తున్నా వారిలో ఒక్కరూ పాత రేటుకు రాలేదు. పైగా ఏప్రిల్‌లో 7.79 శాతం ఉన్న ద్రవ్యోల్బణం మే నెలలో 7.04 శాతానికి తగ్గిందని పత్రికలు రాస్తున్నాయి. ఆ తగ్గుదల మా వంటింట్లో ఎక్కడా కనిపించడం లేదు.

మా కుటుంబానికి ఒక బైకు, ఒక చిన్న కారు ఉన్నాయి. నెలకు ముప్పై లీటర్ల పెట్రోలు పడుతుంది. గృహరుణం వాయిదాలు కూడా కడుతున్నాము. నిత్యావసరాల ధరలు పెరగడంలో ఇంధనం వాటా నిజంగా ఎంత, మాలాంటివారు రాబోయే నెలల్లో దేని గురించి ఎక్కువ జాగ్రత్త పడాలి అన్నవి నా రెండు సందేహాలు. విషయం తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1
రవాణా లెక్కలు

అమ్మా, ముందుగా గమనించవలసింది ఏమిటంటే, మనం తగ్గింపు అనుకుంటున్నది నిజానికి మార్చి 21 నాటి ధరకు దాదాపుగా తిరిగి రావడమే. ఆనాడు హైదరాబాదులో పెట్రోలు 108.20, డీజిలు 94.62. అంటే ఈ రోజు కూడా డీజిలు అప్పటికంటే మూడు రూపాయలు ఎక్కువగానే ఉంది. లారీ యజమాని కిరాయి తగ్గించకపోవడానికి అతనికి ఈ ఒక్క కారణం చాలు. దానికి తోడు జూన్ 1 నుంచి థర్డ్ పార్టీ బీమా ప్రీమియం కూడా పెరిగింది.

అయితే కూరగాయల ధరకు డీజిలును కారణంగా చెప్పేవారి మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. మదనపల్లె నుంచి హైదరాబాదుకు పదిహేను టన్నుల టమాటా వస్తోందనుకోండి. దూరం సుమారు ఐదు వందల కిలోమీటర్లు. సరుకుతో ఉన్న లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడిస్తే 125 లీటర్లు కాలుతుంది. డీజిలు పది రూపాయలు పెరిగితే ఆ ట్రిప్పు మీద అదనంగా పడే భారం 1,250 రూపాయలు. పదిహేను వేల కిలోలకు పంచితే కిలోకు ఎనిమిది పైసలు! లారీ ఖాళీగా తిరిగి వెళుతుందని రెట్టింపు చేసినా పదిహేడు పైసలకు మించదు. మార్కెట్ యార్డు నుంచి మీ వీధిలోని కొట్టుకు సరుకు తెచ్చే ట్రాలీ ఆటో తక్కువ బరువు మోస్తుంది కనుక అక్కడ మరికొంత పడుతుంది, అయినా అదీ పైసల లెక్కే. టమాటా కిలో పదులకు పదులు పెరగడానికి ఎండలు, పంట దిగుబడి, యార్డుకు ఆ రోజు వచ్చిన సరుకు కారణాలు తప్ప డీజిలు కాదు.

డీజిలు నిజంగా దెబ్బ కొట్టేది బరువు ఎక్కువ, విలువ తక్కువ ఉన్న సరుకును. ఇసుక, కంకర, ఇటుక, సిమెంటు వంటి వాటిలో రవాణాయే ధరలో పెద్ద భాగం కాబట్టి ఇల్లు కట్టుకునేవారు ఆ తేడాను వెంటనే గమనిస్తారు. పల్లెల్లో ట్రాక్టరు దుక్కి, వరికోత యంత్రం గంట అద్దె కూడా అంతే. అవి పెరిగితే ఆ సీజనుకు కాక వచ్చే సీజనుకు కూడా అదే రేటు స్థిరపడిపోతుంది. కిరాయిలు ఎక్కడానికి పట్టినంత సమయం దిగడానికి పట్టదని ఎవరైనా అంటే ఈ వ్యాపారం చూడనివారని అర్థం.

జవాబు 2
అర్థశాస్త్రం చెప్పే మాస్టారు

పై లెక్క చాలా ఉపయోగకరంగా ఉంది. దానికి రెండు విషయాలు చేరుస్తాను.

మొదటిది, ద్రవ్యోల్బణం 7.79 నుంచి 7.04కు తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, అవి పెరిగే వేగం కాస్త మందగించిందని మాత్రమే. గత ఏడాది మే నెలలో నూరు రూపాయలకు వచ్చిన సరుకులు ఈ మే నెలలో 107 రూపాయలకు వస్తున్నాయి. ఆ సగటును లెక్కించే చిల్లర ధరల సూచీలో 2012 ఆధార సంవత్సరం ప్రకారం ఆహార పానీయాల వాటా 45.86 శాతం కాగా, వాహనాల పెట్రోలు వాటా 2.19 శాతం, వాహనాల డీజిలు వాటా కేవలం 0.15 శాతం. ఇంధనం, వెలుతురు అనే విభాగం 6.84 శాతంతో వేరుగా ఉంది కానీ అందులో ఉండేవి కరెంటు, వంటగ్యాసు, కిరోసిన్, కట్టెలు వంటివి. మీ బండిలో పోసే పెట్రోలు రవాణా విభాగంలోకి వెళుతుంది. టోకు ధరల సూచీ తీరు వేరు. అందులో డీజిలు ఒక్కటే 3.10 శాతం, పెట్రోలు 1.60 శాతం. మే నెలలో టోకు ద్రవ్యోల్బణం 15.88 శాతానికి చేరి, చిల్లర ద్రవ్యోల్బణం అందులో సగం కూడా లేకపోవడానికి ఈ తూకాల తేడా ఒక ముఖ్య కారణం. టోకులో పెరిగిన భారాన్ని తయారీదారులు ఇంకా పూర్తిగా మన మీదికి నెట్టలేదు. సబ్బులు, బిస్కట్ల ప్యాకెట్ల మీద ధర మారకుండా లోపలి బరువు తగ్గడం మీరు గమనించే ఉంటారు.

రెండవది మీ గృహరుణం. మీ ఇంటికి సంబంధించినంత వరకు నా దృష్టిలో అసలు విషయం ఇదే. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాలో ఉంచవలసిన బాధ్యత రిజర్వు బ్యాంకుది. గీత దాటినందున మే 4న రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతం నుంచి 4.40కు, జూన్ 8న 4.90కు పెంచింది. ముప్పై లక్షల రూపాయల రుణం ఇరవై ఏళ్ల గడువుతో 6.7 శాతం వడ్డీకి ఉంటే నెల వాయిదా సుమారు 22,720 రూపాయలు. అదే వడ్డీ 7.6 అయితే 24,350 రూపాయలు. పెట్రోలు తగ్గింపు వల్ల ముప్పై లీటర్ల మీద మీకు నెలకు మిగిలేది మూడు వందలు, వడ్డీ పెరగడం వల్ల పోయేది పదహారు వందలకు పైగా. మీ రుణం రెపోకు ముడిపడి ఉన్నదో లేదో బ్యాంకులో కనుక్కోండి. చాలా బ్యాంకులు వాయిదాను మార్చకుండా గడువును పొడిగిస్తాయి కనుక, భారం పెరిగిన సంగతి చాలామందికి తెలియదు.

జవాబు 3
కాకినాడ నుంచి

పన్నుల గురించి ఎవరూ ప్రస్తావించలేదు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతంతో పాటు లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. గత నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ పన్నునూ తగ్గించాయి. మన రెండు రాష్ట్రాలు అప్పుడూ తగ్గించలేదు, మొన్న మే నెలలోనూ తగ్గించలేదు. మా ఊరికి కూతవేటు దూరంలోని యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి అక్కడి బంకుల్లో పెట్రోలు పది రూపాయలకు పైగా తక్కువకు దొరుకుతుంది. కోనసీమ బండ్లన్నీ అక్కడే వరుస కడతాయి.

రాష్ట్రాల వాదనలోనూ కొంత న్యాయం ఉంది. ప్రస్తుతం కేంద్రం లీటరు పెట్రోలు మీద వసూలు చేస్తున్న 19.90 రూపాయలలో రాష్ట్రాలకు వాటా ఇవ్వవలసిన ప్రాథమిక సుంకం 1.40 రూపాయలు మాత్రమే. మిగిలినదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాల పేరుతో కేంద్రం దగ్గరే ఉండిపోతుంది.

జవాబు 4
డాలస్ తెలుగు

ఇక్కడి పరిస్థితి పోల్చి చూడటానికి పనికివస్తుందని రాస్తున్నాను. అమెరికాలో గ్యాస్ అని పిలిచే పెట్రోలు సగటు ధర ఈ నెల 11న మొదటిసారి గ్యాలనుకు ఐదు డాలర్లు దాటింది. 78 రూపాయల మారకంతో లెక్కిస్తే లీటరు సుమారు 103 రూపాయలు, అంటే హైదరాబాదు ధరకు పెద్ద దూరంలో లేదు. మే నెల ద్రవ్యోల్బణం 8.6 శాతం, 1981 తరువాత ఇదే ఎక్కువ. ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు జూన్ 15న ఒక్కసారిగా 0.75 శాతం వడ్డీ పెంచింది.

తేడా అంతా పన్నులో ఉంది. ఇక్కడ ఫెడరల్ పన్ను 1993 నుంచి గ్యాలనుకు 18.4 సెంట్లే, టెక్సస్ పన్ను మరో 20 సెంట్లు. అందువల్ల ముడి చమురు పెరిగితే ఆ దెబ్బ నేరుగా తగులుతుంది, తగ్గితే ఆ లాభమూ నేరుగా అందుతుంది. 2020 ఏప్రిల్‌లో చమురు కుప్పకూలినప్పుడు మాకు గ్యాలను రెండు డాలర్ల దిగువకు వచ్చింది. ఆ మే నెలలోనే భారతదేశంలో సుంకాన్ని పెట్రోలు మీద పది, డీజిలు మీద పదమూడు రూపాయలు పెంచి ఆ తగ్గుదలను ఖజానాకు మళ్లించారు. మొన్న తగ్గించిన ఎనిమిది రూపాయలు ఆ పెంపులోనివే అని గుర్తుంచుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి.

ప్రశ్నించినవారి స్పందన
కూకట్‌పల్లి గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. మా రుణం రెపోకు ముడిపడినదేనని కాగితాలు చూస్తే తెలిసింది. రేపు బ్యాంకుకు వెళ్లి గడువు పెంచకుండా వాయిదానే పెంచమని అడుగుతాము. మరొక్క సందేహం. డీజిలు తగ్గిన తరువాత కూడా జూన్ 9న తెలంగాణ ఆర్టీసీ డీజిలు సెస్సును మళ్లీ ఎలా పెంచగలిగింది?

జవాబు 5
రవాణా లెక్కలు

ఆర్టీసీ వంటి సంస్థలకు చమురు కంపెనీలు టోకున అమ్మే డీజిలు ధర వేరు. మార్చిలో బంకు ధర కదలక ముందే ఆ టోకు ధరను లీటరుకు దాదాపు ఇరవై ఐదు రూపాయలు పెంచారు. దానితో రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ బస్సులను బయటి బంకులకు పంపి డీజిలు పోయించుకోవడం మొదలుపెట్టాయి. ఏప్రిల్‌లో పల్లెవెలుగు టికెట్టు మీద రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్ మీద ఐదు రూపాయలు సెస్సుగా వేసిన తరువాత కూడా నష్టం పూడలేదన్న కారణంతో ఈసారి దూరాన్ని బట్టి పెంచారు.

ఇక బంకు ధర ఇప్పుడు నిలకడగా కనిపించడం కూడా కంపెనీలు నష్టాన్ని మోస్తున్నందువల్లనే. ముడి చమురు పీపా 115 డాలర్లకు పైగా ఉండగా ఏప్రిల్ 6 తరువాత కంపెనీలు తమంతట తాము ఒక్క పైసా పెంచలేదు. కాబట్టి ముడి చమురు కొంత దిగినా బంకులో ధర వెంటనే దిగుతుందని ఆశించకండి. కంపెనీలు ముందు తమ పాత నష్టాన్ని పూడ్చుకుంటాయి. స్కూలు ఆటో విషయంలో మాత్రం మీరు గట్టిగా అడగవచ్చు. అతను మార్చి 21కి ముందు ఎంత తీసుకున్నాడో, ఇప్పుడు లీటరుకు తేడా ఎంతో చెప్పి బేరమాడండి.