రౌండ్స్‌లో ‘ఆధారం ఏమిటి?’ అని అడిగితే తప్పా?

పీజీ రెండో ఏడు: మాది ఒంగోలు, చదివేది వేరే ఊళ్లో. ప్రతివారం జర్నల్ క్లబ్‌లో పరిశోధన పత్రాలను చీల్చి చెండాడతాం. మర్నాడు ప్రొఫెసర్ వెంట వార్డు రౌండ్స్‌లో, విరేచనాలతో వచ్చినా చక్కగా నీళ్లు తాగుతున్న పిల్లవాడికి సెలైన్ ఎందుకు సార్ అంటే ‘రాసింది పెట్టు’ అంటారు. ఇదేం చదువు?

కందుకూరు డాక్టరు: బాబూ, పామూరు వైపు నుంచి బిడ్డనెత్తుకొచ్చిన తల్లి చేతిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పెట్టి పంపితే, ఆమె సాయంత్రానికల్లా ఆర్‌ఎంపీ దగ్గర బాటిల్ ఎక్కిస్తుంది. మీ పత్రాల్లో ఆ తల్లి ఉందా?

పీజీ రెండో ఏడు: ఉంది సార్. ఆధారాలను బట్టి చేసే వైద్యానికి (ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్) 1996లో డాక్టర్ డేవిడ్ శాకెట్ బృందం ఇచ్చిన నిర్వచనంలోనే పరిశోధనతోపాటు వైద్యుడి అనుభవం, రోగి అభీష్టం ఉన్నాయి. అపోహకు తలొగ్గమని మాత్రం లేదు.

వేదాయపాలెం: సెలైన్ ఎక్కిస్తే బలం కదండీ? మా అమ్మకు జ్వరమొస్తే అదే పెట్టిస్తాం.

పీజీ రెండో ఏడు: ఉప్పునీళ్లలో బలమేముంటుందండీ!

కందుకూరు డాక్టరు: మాట తప్పించకు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఓఆర్‌ఎస్ కలిపి కలరా రోగులకు తాగించారు. ఏ పత్రం అనుమతిచ్చింది? అనుభవమంటే అదీ.

పీజీ రెండో ఏడు: అప్పటికే ఢాకా, కలకత్తా ఆసుపత్రుల్లో పరీక్షించి చూశారు సార్. పైగా శిబిరంలో మరణాలను ఆయన లెక్కపెట్టారు. 30 శాతం దాకా ఉన్నవి 3.6 శాతానికి దిగాయి. మీరు సెలైన్ పెట్టిన పిల్లల లెక్క రాసుకున్నారా?

కందుకూరు డాక్టరు: లెక్కలడగడానికి నువ్వెవరు? మా క్లినిక్‌లో ఒక బిడ్డ పోయినప్పుడు బంధువులొచ్చి అద్దాలు పగలగొట్టారు. బిడ్డను తెచ్చేసరికే చేయి దాటిపోయిందని చెబితే వినేవాడు లేడు. అందరిదీ ఒకటే ప్రశ్న: ‘బాటిల్ ఎందుకు పెట్టలేదు?’ ఆ రోజు నా తరఫున మీ ప్రొఫెసర్ వచ్చి నిలబడ్డాడా?

కావలి పాఠకుడు: ఇది మొదట్లోనే చెప్పుంటే సగం గొడవ తగ్గేది.

పీజీ రెండో ఏడు: మీకు జనమంటే భయం, మాకు ప్రొఫెసరంటే భయం. అడిగిన పాపానికి నా థీసిస్ మీద సంతకం ఆగింది. తోటి పీజీలు అది చూసి నోరు మూసుకున్నారు. నేర్పడమంటే ఇదేనా సార్?

సింగరాయకొండ సిస్టర్: ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. సెలైన్ పెట్టేస్తే నేను పక్క మంచానికి వెళ్లగలను. ఓఆర్‌ఎస్ అయితే స్పూనుతో కొంచెం కొంచెంగా తాగించాలి, వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి. రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్కదాన్ని. ఎవరు తాగిస్తారు?

కందుకూరు డాక్టరు: అడుగమ్మా, బాగా అడుగు.

పీజీ రెండో ఏడు: తల్లి తాగిస్తుంది సిస్టర్. పక్కన కూర్చుని ఒకసారి తాగించి చూపించాలి. జింక్ మాత్ర విరేచనాలు తగ్గినా 14 రోజుల దాకా ఆపొద్దని చెప్పాలి. కళ్లు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురమ్మనాలి. ఈ మాటలు తల్లికి ఎలా చెప్పాలో మాకు ఒక్క ప్రొఫెసరూ వార్డులో చేసి చూపించలేదు. నా గొడవంతా అదే.

కందుకూరు డాక్టరు: నీ చదువయ్యాక మా వీధిలో బోర్డు పెట్టు. ఆ తల్లులకు నువ్వే చూపించు. అద్దాలు మాత్రం కాస్త గట్టివి వేయించుకో.