గుంటూరు నుంచి అరకు కారులో, మూడు రోజులు సరిపోతాయా? పైగా ఘాట్‌లో నాకు వాంతులు

బ్రాడీపేట_అమ్మాయి:
పెళ్లయి ఆరేళ్లయింది, మేమిద్దరం కలిసి తిరిగిన ఊళ్లంటే తిరుపతి, అన్నవరం, మా ఆడపడుచు పెళ్లికి నంద్యాల, అంతే. డిసెంబరులో పిల్లాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి మూడు రోజులు కొండల్లోకి పోదామని మా ఆయన ప్లాన్ వేశారు. ప్లాన్ వినండి. శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి మారేడుమిల్లిలో బొంగు చికెన్, రాత్రికి లంబసింగి, శనివారం పొద్దున్నే వంజంగి మేఘాలు, సాయంత్రానికి అరకు, ఆదివారం బొర్రా గుహలు చూసుకుని రాత్రికి ఇల్లు. సోమవారం ఆయనకి ఆఫీసు. సెకండ్ హ్యాండ్ కారు, కొని నాలుగు నెలలైంది, కోటప్పకొండ తప్ప ఇంకే కొండా ఎక్కలేదు. ఆ కోటప్పకొండ మీదే నాలుగు మలుపులకి నాకు కడుపులో తిప్పేసింది. నాకూ లైసెన్సుంది, ఊళ్లో నడుపుతాను కానీ ఊరు దాటితే ఆయన స్టీరింగ్ ఇవ్వరు. ఇదంతా అయ్యే పనేనా?

పటమట_పెద్దాయన:
అమ్మా, మీ ఆయన మ్యాపు చూసి ప్లాన్ వేశారు, రోడ్డు చూసి కాదు. హైవే మీద వంద కిలోమీటర్లు గంటన్నర, ఏజెన్సీలో అదే వంద మూడు గంటల పైమాటే, మధ్యలో ఫొటోలకి ఆగితే ఇక చెప్పక్కర్లేదు. మారేడుమిల్లి తీసెయ్యండి, అది విడిగా ఇంకో శని, ఆదివారాల పని. శుక్రవారం నాలుగింటికే విజయవాడ వారధి దాటేస్తే బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఖాళీగా ఉంటుంది. అనకాపల్లి దాటాక విశాఖ ఊళ్లోకి పోకుండా సబ్బవరం, పెందుర్తి మీదుగా శృంగవరపుకోట చేరి వెలుగుండగానే ఘాట్ ఎక్కి అరకులో పడుకోండి. శనివారం బొర్రా చూసుకుని వెనక్కొచ్చి పాడేరు వెళ్లండి. ఆదివారం వంజంగి, అక్కణ్ణుంచి చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం, తుని, మళ్లీ హైవే. ఎక్కిన దారినే దిగక్కర్లేదు.

ఇంకొకటి, మీవారికి చదివి వినిపించండి. మూడేళ్ల కిందట అరకు నుంచి దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో పెట్టి బ్రేకు మీద కాలేసి వచ్చాను. అనంతగిరి దాటాక కాలిన వాసన, ముందున్న లారీదేమో అనుకున్నా. ఇంకో రెండు మలుపులకి పెడల్ స్పాంజిని తొక్కినట్టు మెత్తగా లోపలికి పోయింది. ఎలాగో రెండో గేరులో పడేసి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ కొండవైపు ఆపాను. చక్రాలు చల్లారేదాకా ముప్పావుగంట రాయి మీద కూర్చున్నాం. మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, శృంగవరపుకోటలో దిగాక టీ తాగుతావా అని మాత్రం అడిగింది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి, బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు అవసరమైనప్పుడే.

గోదారి_గట్టు:
పెద్దాయనా, మారేడుమిల్లిని అంత తేలిగ్గా తీసేస్తే ఎలా! అరకు అందరూ వెళ్తారు. రంపచోడవరం దాటాక రోడ్డుకి రెండువైపులా అడవి, అద్దాలు దించితే చాలు. బొంగు చికెన్ కూడా అక్కడే తినాలి, ఊళ్లో హోటళ్లలో పెట్టేది వేరు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు గొట్టంలో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతారు, నూనె చుక్క వెయ్యరు. గొట్టం నల్లబడ్డాక విస్తరాకులో వంపుతుంటే ముందు ఆవిరి వస్తుంది, తర్వాత ముక్కలొస్తాయి. సరే, మూడు రోజుల్లో రెండూ కుదరవన్నది మాత్రం ఒప్పుకుంటా.

పాడేరు_మాస్టారు:
నేను ఉండేది ఇక్కడే. వంజంగిలో మేఘాలు చూడాలంటే తెల్లారకముందే కొండ ఎక్కడం మొదలుపెట్టాలి, ఎండ ముదిరితే మేఘాలు విడిపోతాయి. కారు కిందే ఆపి నడవాలి, చెప్పులు కాదు, బూట్లు. లంబసింగిని మావాళ్లు కొర్రబయలు అంటారు, రాత్రి బయట ఉంటే కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని. వెయ్యి మీటర్ల ఎత్తు, కాబట్టి గుంటూరు స్వెట్టరు ఒక్కటి చాలదు. మంచులో హై బీమ్ వెయ్యొద్దు, ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారివ్వాలి, మలుపులో హారన్ తప్పనిసరి. పెట్రోలు సగానికి వచ్చిందంటే కనబడిన బంకులో నింపుకోండి. వలిసె పూలు డిసెంబరు మొదట్లో వస్తే ఇంకా ఉంటాయి, చేలన్నీ పసుప్పచ్చగా. చేలోకి దిగి తొక్కి ఫొటోలు దిగకండి దయచేసి, అది ఎవరిదో పంట.

మంగళగిరి_మహాలక్ష్మి:
అక్కా, అందరూ రోడ్డు గురించి చెప్పారు, వాంతుల సంగతి ఎవరూ ఎత్తలేదు! పొద్దున్నే పూరీ, దోసె వద్దు, రెండు ఇడ్లీలు చాలు. వెనక సీటు వద్దు, ఫోన్ చూడొద్దు, చూపు దూరంగా రోడ్డు మీద పెట్టండి. మాత్ర వేసుకోవాలంటే డాక్టర్ని అడిగి ఎక్కేముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక లాభం లేదు. అన్నిటికన్నా మంచి మందు ఏంటంటే, మీరే నడపండి. బండి నడిపేవాళ్లకి చాలావరకు వాంతులు రావు, మలుపు ఎటో ముందే తెలుస్తుంది కదా, ఒళ్లు దానికి సిద్ధంగా ఉంటుంది. నాకూ ఇదే రోగం, శ్రీశైలం ఘాట్‌లో స్టీరింగ్ పట్టాక పోయింది. బయల్దేరే ముందు రెండు మూడుసార్లు కోటప్పకొండ మీద మీరే ఎక్కించి దింపండి.

బ్రాడీపేట_అమ్మాయి:
వెళ్లొచ్చామండీ, అందరికీ థాంక్స్. పెద్దాయన గారి దారే పట్టాం. కోటప్పకొండ ప్రాక్టీసు కూడా అయింది, అయినా శృంగవరపుకోట దగ్గర స్టీరింగ్ నాకివ్వడానికి ఈయనకి రెండు టీలు పట్టాయి. గాలికొండ వ్యూ పాయింట్ దాకా పైనున్న హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, తన వైపు లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. నాకు మాత్రం కడుపులో ఏమీ అనిపించలేదు, మలుపులు లెక్కపెట్టే తీరికే లేదు. బొర్రా చూశాం, లోపల మెట్లు చాలా ఉన్నాయి, ముందే చెప్పాల్సింది ఎవరైనా! వంజంగిలో మేఘాలు ఒక ఇరవై నిమిషాలు దొరికాయి, అది చాలు. తిరుగు ప్రయాణంలో చింతపల్లి దాటాక ఆయన నడిపారు, లంబసింగి వచ్చేలోపు రెండుసార్లు బండి ఆపించాను. నర్సీపట్నం దాకా మళ్లీ నేనే.

ఫిబ్రవరిలో మారేడుమిల్లి అనుకుంటున్నాం. గోదారి గట్టు గారూ, శనివారాలు అక్కడ గది దొరుకుతుందా, లేక రంపచోడవరంలోనే ఉండాలా?