అప్‌డేట్: నేపియర్ ముచ్చెల కుళ్లు, ట్రైకోడెర్మా వేశాక

అనంతపురం దగ్గర ఎర్రనేలలో సూపర్ నేపియర్ (పశువుల మేతగడ్డి) ముచ్చెలు, అంటే నాటే కాండం ముక్కలు, మొలవకముందే కుళ్లుతున్నాయి, ట్రైకోడెర్మా (కుళ్లు తెచ్చే బూజులను అణిచే మేలు శిలీంద్రం) పనిచేస్తుందా అని ఇంతకుముందు అడిగినాను కదా. సంగతి ఇది.

ట్రైకోడెర్మాను ఎరువులో కలిపి పెంచడానికి వేసిన మొదటి కుప్ప చెడింది. పేడ పచ్చిది, లోపల చెయ్యి పెడితే కాలింది, ఆ వేడికి శిలీంద్రం బతకదు. రెండోసారి బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి పొడి 2 కిలోలు నీడలో కలిపినాం. తడి ఎంతంటే, పిడికిట పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. పైన తడి గోనెసంచులు. మూడు నాలుగు రోజులకోసారి తిరగేయాలి. వారానికి తెల్లబూజు, ఆపైన పచ్చగా మారింది. అప్పుడే సాళ్లలో వేసి వెంటనే మట్టి కప్పాలి, ఎండ తగిలితే దండగ.

ముచ్చెలను లీటరుకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపిన నీళ్లలో అరగంట ముంచి నాటినాం. కార్బెండజిమ్ (బూజును చంపే రసాయన మందు) కూడా కలపమన్న అన్నా, అది ట్రైకోడెర్మానే చంపుతుంది!

కుళ్లు బాగా తగ్గింది. నీళ్లు నిలిచే మూలలో మాత్రం మళ్లీ పోయినాయి; అక్కడ కాలువ తీయాల్సిందే. ఆకుమచ్చకు మాత్రం మట్టిలో వేసిన ఈ ఎరువు మందు కాదు.